ముప్పై ఎనిమిది సెకన్లు

రిటైరైన నెలకి విజయవాడ వెళ్ళి వాచీ కొన్నాను. మా ఆవిడ కూడా వచ్చింది. షోరూంలో ఏసీ ఎక్కువగా ఉందని కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చుంది. ధర చెప్పినప్పుడు నా వైపు చూడలేదు. కౌంటర్ వెనకున్న అమ్మాయిని చూసి, "ఇలాంటిదే కొంచెం తక్కువలో లేదా అమ్మాయ్?" అని అడిగింది.

"ఉన్నాయండీ. కానీ సారు పేరు చెప్పి మరీ ఇదే అడిగారండీ" అంది ఆ అమ్మాయి.

"అయితే ఇవ్వు. ముప్పై రెండేళ్ళ నుంచి అడుగుతున్నారు" అంది మా ఆవిడ.

ఆమె అన్నది నిజమే. నేను చిలకలూరిపేట దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేశాను. ఉద్యోగంలో చేరిన ఏడాది గుంటూరులో జిల్లా పోటీలకి పిల్లల్ని తీసుకెళ్ళాను. అక్కడ పరుగు పందేలకి టైం చూసే పెద్దాయన చేతికి ఒక వాచీ ఉంది. మామూలు వాచీలాగే టైం చెబుతుంది, పక్కనున్న బటన్ నొక్కితే స్టాప్‌వాచీలాగా సెకన్లు లెక్కపెడుతుంది. క్రోనోగ్రాఫ్ అంటారని ఆయనే చెప్పాడు. నా ముఖం చూసి, తీసి చేతికిచ్చి, "ఒకసారి నొక్కి చూడు" అన్నాడు. నొక్కాను. టక్కుమని చిన్న చప్పుడు, దాంతోపాటు పెద్ద ముల్లు కదిలింది. మా స్కూల్లో ఉన్న ఒకే ఒక్క స్టాప్‌వాచీ బటన్ ఒకసారి నొక్కితే పనిచేసేది కాదు, రెండోసారి నొక్కితే మొదలై ఆగిపోయేది. దానితోనే నేను సర్వీసంతా నెట్టుకొచ్చాను.

నేను కొన్నది నల్ల డయల్ వాచీ. లోపల మూడు చిన్న డయల్స్. ఒకటి సెకన్లకి, ఒకటి ముప్పై నిమిషాల వరకు నిమిషాలకి, ఒకటి గంటలకి. బ్యాటరీ లేదు. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి, ఇవ్వకపోతే రెండో రోజుకి ఆగిపోతుంది. పై బటన్ నొక్కితే లెక్క మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. కింది బటన్ నొక్కితే లెక్కపెట్టే ముళ్ళన్నీ సున్నా దగ్గరికి వెళ్ళి నిలబడతాయి. మొదటి నెల్లో నేను టైం చూడనిది లేదు. మిరప చేలో మోటారు వేస్తే నీళ్ళు కాలవ చివరికి చేరడానికి ఎంతసేపు, మా ఇంటి నుంచి బస్టాండుకి నడక ఎంతసేపు, కరెంటు పోతే మళ్ళీ రావడానికి ఎంతసేపు. మా ఆవిడ కోడిగుడ్లు ఉడకేసి, "ఏవండీ, మీ టక్కు నొక్కండి" అని వంటింట్లోంచి పిలిచేది.

మా వైపు తిరునాళ్ళకి ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. ఒంగోలు జాతి ఎడ్ల జతకి పెద్ద బండరాయి కట్టి లాగిస్తారు. ఇచ్చిన టైములో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానికి మొదటి బహుమతి. దూరం కొలిచేవాళ్ళు వేరే ఉంటారు. జెండా ఊపగానే టైం మొదలుపెట్టి, సరిగ్గా పదిహేను నిమిషాలకి విజిల్ వేయడం నా పని. డ్రిల్ మాస్టారిని కాబట్టి చాలా ఏళ్ళుగా ఆ పని నాకే వచ్చింది. విజిల్ పడ్డాక ఎడ్లు ఒక్క అడుగు వేసినా లెక్కలోకి రాదు. అందుకని బరిలో ఉన్న రైతులందరి కళ్ళూ నా చేతి మీదే ఉండేవి. కొత్త వాచీ పెట్టుకెళ్ళిన మొదటి తిరునాళ్ళలో నలుగురైదుగురు రైతులు దగ్గరికొచ్చి చూసి, "ఇది తప్పు చెప్పదుగా మాస్టారూ" అని అడిగారు. నొక్కి చూపించాను. ఆ ఏడాది నా విజిల్ మీద ఎవరూ తగువు పెట్టుకోలేదు.

ఇలా ఒకటిన్నర సంవత్సరం గడిచింది. ఒక మధ్యాహ్నం షోరూం నుంచి ఫోనొచ్చింది. వాచీ అమ్మిన అమ్మాయే.

"సార్, మీ మోడల్ ఈ ఏడాదితో డిస్‌కంటిన్యూ చేయొచ్చంటున్నారు సార్. కన్ఫర్మ్ కాదు. మా కస్టమర్లందరికీ చెబుతున్నాం."

"ఆపేస్తే నా చేతిలోది ఆగిపోతుందా అమ్మా?"

ఆ అమ్మాయి నవ్వింది. "లేదు సార్. మీది ఇంకా విలువ పెరుగుతుంది. జాగ్రత్తగా పెట్టుకోండి. బాక్స్, కార్డు పారేయకండి."

అంతటితో అయిపోయేది. కానీ ఆ సాయంత్రం మా బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు, పేటలో పురుగుమందుల కొట్టు నడుపుతాడు. కొట్లో బేరం లేనప్పుడు ఫోన్లో వీడియోలు చూడటం వాడి పని. విషయం చెప్పగానే కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"బావా, నీకు అర్థం కాలేదు. ఆపేశారంటే మళ్ళీ దొరకదు. దొరకదంటే కావాల్సినోడు వెతుక్కుంటూ వస్తాడు. నువ్వేమో దాన్ని పెట్టుకుని ఎడ్ల వెనకాల తిరుగుతున్నావ్!"

"టైం చూడటానికేగా కొన్నది."

"టైం చూడటానికి ఫోన్ లేదా?"

అప్పుడు వాడి మాట కొట్టిపారేశాను గానీ, మనసులో ఏదో మూల పడిపోయింది. మర్నాడు కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే చేతి వైపే చూస్తున్నాను. పట్టీ సందుల్లో ఎర్రటి పొడి. అంతకుముందు కూడా ఉండే ఉంటుంది, నేను చూడలేదంతే. ఇంటికొచ్చి పాత టూత్‌బ్రష్‌తో తుడిచాను. తర్వాత కల్లానికి పెట్టుకెళ్ళడం మానేశాను. బస్సులో రాడ్డు పట్టుకుంటే గీత పడుతుందని బస్సులో మానేశాను. చెమట పడుతుందని వాకింగ్‌లో మానేశాను. చివరికి ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రమే పెట్టుకునేవాడిని. అప్పుడు కూడా టైం చూడను, గీతలు పడ్డాయేమోనని చూస్తాను. బటన్ నొక్కితే అరుగుతుందేమోనని నొక్కడం కూడా తగ్గించాను.

ఒకరోజు మా ఆవిడ గుడ్లు పొయ్యి మీద పెట్టి పిలిచింది. "గోడ గడియారం చూడు" అన్నాను.

ఆమె గరిట పట్టుకుని బయటికొచ్చింది. "అంత భయమైతే అమ్మేయండి. లేకపోతే పెట్టుకోండి. ఈ మధ్యలోది ఏంటి?"

నేను రెండూ చేయలేదు. మాఘమాసంలో ఒక సోమవారం పేటలో మా బ్యాంకు లాకరుకి వెళ్ళి, మా ఆవిడ గాజులు, పొలం కాగితాల పక్కన వాచీ డబ్బాను పెట్టి వచ్చాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది, అబద్ధం చెప్పను.

శివరాత్రి వెళ్ళిన పది రోజులకి పక్కూళ్ళో తిరునాళ్ళు. టైం చూడటానికి ఫోన్ తీసుకెళ్ళాను. ఫోన్లోనూ స్టాప్‌వాచీ ఉంటుంది, నిజానికి వాచీ కంటే కచ్చితంగా ఉంటుంది. మొదటి నాలుగు జతలకి ఏ ఇబ్బందీ రాలేదు.

ఐదో జత అద్దంకి దాటాక ఒక ఊరి నుంచి వచ్చింది. ఎడ్ల రైతుకి యాభై ఐదేళ్ళుంటాయి. సన్నటి మనిషి, మాట తక్కువ. ప్రతి ఏడూ వస్తాడు, ఎప్పుడూ రెండో మూడో వస్తుంది, మొదటిది ఒక్కసారీ రాలేదు. కాడి కడుతూ నా చేతి వైపు చూశాడు.

"మాస్టారూ, మీ గడియారమేదండీ?"

"ఇంట్లో ఉందండీ."

ఆయన తలూపాడు.

జెండా ఊపారు. ఆ రోజు ఆ ఎడ్లు లాగిన తీరు చూసి జనం కేకలు ఆపేశారు. కొరడా పడకుండానే లాగుతున్నాయి. మైకు పట్టుకున్నాయన గొంతు కూడా మారిపోయింది. బరి చివర తిరిగి మళ్ళీ ఇటు వస్తున్నప్పుడు ఫోన్ చూశాను. సరిగ్గా పదకొండు నిమిషాలు. అదే క్షణంలో ఫోన్ మోగింది. తెర మీద స్టాప్‌వాచీ పోయి మా బావమరిది ఫొటో వచ్చింది.

కట్ చేయబోయాను. బొటనవేలికి చెమట. కట్ కాకుండా కాల్ కలిసింది. "బావా, వాచీకి గుంటూరులో మనిషి దొరికాడు" అన్న మాట వినబడింది. మళ్ళీ నొక్కాను. స్టాప్‌వాచీ కనిపించింది, ఆ వేలే తగిలి ఆగిపోయింది. కంగారులో ఇంకోటి నొక్కాను. అన్నీ సున్నాలు.

చుట్టూ వందల మంది ఉన్నారు. ఎవరూ నన్ను చూడటం లేదు, ఎడ్లని చూస్తున్నారు. ఫోన్‌తో ఎంతసేపు తంటాలు పడ్డానో నాకు తెలియదు. నిమిషం అయ్యుంటుందనిపించింది. అంటే ఇప్పుడు పన్నెండు నిమిషాలు. ఇంకా మూడు ఉండాలి. మళ్ళీ మొదలుపెట్టి, మూడు నిమిషాలకి విజిల్ వేశాను. విజిల్ గట్టిగానే పడింది.

దూరం కొలిచారు. అప్పటిదాకా అందరికన్నా ఎక్కువ లాగిన జత కంటే డెబ్బై అడుగులు తక్కువ. ఎడ్ల రైతు దాపటెద్దు మెడ మీద, అంటే ఎడమ పక్క ఎద్దు మీద, చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత కాడి విప్పుకుని వెళ్ళిపోయాడు. రెండో బహుమతి తీసుకోవడానికి వేదిక మీదికి వచ్చినప్పుడు నాకు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. ఫోన్ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆయనకీ చెప్పలేదు, కమిటీకీ చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే ఏదో ఒకటి జరిగేది. నోరు రాలేదు.

మర్నాడు పొద్దున మా బావమరిదే వాట్సాప్‌లో వీడియో పంపాడు. పోటీలు మొత్తం ఎవరో ఫోన్లో తీసి పెట్టారు. ఐదో జతది జెండా దగ్గర నుంచి విజిల్ దాకా కోత లేకుండా ఉంది. కింద కనిపించే అంకెలు చూశాను. జెండా ఊపిన చోటికీ విజిల్ పడిన చోటికీ తీసివేత వేశాను. పద్నాలుగు నిమిషాల ఇరవై రెండు సెకన్లు. మళ్ళీ వేశాను. అంతే వచ్చింది.

వీడియోలో ఏదైనా తేడా ఉండొచ్చు కదా అనుకున్నాను. ఉండాలని కోరుకున్నాను. బ్యాంకు తెరిచే వేళకి పేట వెళ్ళి లాకరులోంచి వాచీ తెచ్చాను. ఆగిపోయి ఉంది. కీ ఇచ్చి, హాల్లో కూర్చుని, ఫోన్‌ని చెంబుకి ఆనించి వీడియో పెట్టాను. జెండా పడగానే పై బటన్ నొక్కాను. ఆ ఎడ్లు మళ్ళీ మొదటి నుంచి లాగుతుంటే చూస్తూ కూర్చున్నాను. విజిల్ పడగానే నొక్కాను. పద్నాలుగు నిమిషాల ఇరవై రెండు సెకన్లు. నేను నిమిషం అనుకున్న తంటా ఇరవై రెండు సెకన్లలోనే అయిపోయింది. ముప్పై ఎనిమిది సెకన్లు ముందే విజిల్ వేశాను. ఆ ఎడ్లు లాగుతున్న ఊపుకి ముప్పై ఎనిమిది సెకన్లలో డెబ్బై అడుగులు ఒక లెక్క కాదు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. మొత్తం చెప్పాను.

"అయితే వెళ్ళి చెప్పండి" అంది.

"చెబితే ఏమొస్తుంది? పోటీ అయిపోయింది."

"ఆయనకి తెలుస్తుందిగా."

మా బావమరిది మాత్రం వద్దన్నాడు. "ఎవరూ లెక్కపెట్టలా బావా. ఆ వీడియో చూసేవాళ్ళు ఎడ్లని చూస్తారు గానీ టైం చూస్తారా? అనవసరంగా నీ పేరు పాడు చేసుకుంటావ్." వాడి ఫోన్ వల్లే ఇదంతా జరిగిందని వాడికి చెప్పలేదు. తర్వాత ఎప్పుడో చెప్పాను. వారం రోజులు మా ఇంటికి రాలేదు.

రెండు రోజులు ఆలోచించి మూడో రోజు వాచీ చేతికి పెట్టుకుని బస్సెక్కాను. అద్దంకిలో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరు వెళ్ళాను. ఎడ్ల రైతు ఇల్లు అడిగితే కల్లంలో ఉన్నాడన్నారు. ఊరి బయట చదును చేసిన నేల మీద మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆయనా భార్యా కాళ్ళతో కాయల్ని తిరగేస్తున్నారు. నన్ను చూసి ఆయన ఆగిపోయాడు.

"మాస్టారూ! ఏంటిలా వచ్చారు? రండి, నీడకి రండి."

"ఇక్కడే చెబుతానండీ" అన్నాను. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది. నిలబడే మొత్తం చెప్పాను. ఫోన్ రావడం, సున్నా అయిపోవడం, గుడ్డిగా లెక్కపెట్టడం, వీడియో, ముప్పై ఎనిమిది సెకన్లు. ఏదీ దాచలేదు.

ఆయన కాలితో కాయల్ని జరుపుతూ ఉన్నాడు. ఆయన భార్య మాత్రం చెంగుతో ముఖం తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"ఏంది మాస్టారూ మీరు చెప్పేది? ఈయన ఆ రోజు ఇంటికొచ్చి ఎడ్లకి ఏదో తక్కువైందని, దాణా తేడా చేసిందని నన్ను అన్నాడు. మూడు రోజులు నాతో మాట్లాడలా. దాణా కలిపేది నేనేగా! తప్పు మీదైతే మాట నాకు పడింది."

నేను ఎడ్ల రైతుకి చెప్పుకోవడానికి వచ్చాను, ఇలా ఇంకో మనిషి ఉందని నా ఊహలోకే రాలేదు. "తప్పేనమ్మా" అన్నాను. "మీకు కూడా క్షమాపణ చెబుతున్నా."

"నాకెందుకు, ఆయన్ని చెప్పమనండి" అని మొగుడి వైపు చూసింది.

ఆయన అప్పుడు నోరు విప్పాడు. "సరే, అన్నాలే. తప్పయింది."

"మాస్టారు వచ్చారు కాబట్టి అంటున్నావ్" అంది ఆమె. కానీ గొంతులో వేడి తగ్గింది. మజ్జిగ తెస్తానని ఇంటి వైపు వెళ్ళింది.

ఇద్దరం తాటాకు పందిరి కింద కూర్చున్నాం. ఆయన నా చేతి వైపు చూశాడు. "ఇదేనా గడియారం? ఏదీ?"

తీసి ఇచ్చాను. ఆయన వేళ్ళ నిండా మిరప పొడి. ఒక నెల కిందటైతే నా ప్రాణం విలవిల్లాడేది. పై బటన్ చూపించాను. నొక్కాడు. ముల్లు కదిలింది. కాసేపు చూసి మళ్ళీ నొక్కాడు. మూడుసార్లు చేశాడు.

"ఇది పెట్టుకుని ఫోనెందుకు తెచ్చారండీ?"

"ఈ మోడల్ ఇక చేయరేమో అన్నారు. దెబ్బ తగిలితే మళ్ళీ దొరకదని లాకర్లో పెట్టా."

చెబుతుంటే నాకే ఎలాగో అనిపించింది. ఆయన నవ్వలేదు. వాచీ తిరిగి ఇచ్చి, "దాపటెద్దుకి వయసైపోయింది మాస్టారూ. ఇంకో ఏడాది లాగుతుందో లేదో. ఆ రోజు అది లాగిన లాగుడు మళ్ళీ లాగదు. నాకు తెలుసు" అన్నాడు. మామూలుగానే అన్నాడు, నిందలాగా అనలేదు. దానికంటే తిట్టినా బాగుండేది.

"నేనేం చేయగలనో చెప్పండి" అన్నాను.

ఆయన చేతుల మీది మిరప పొడి దులుపుకున్నాడు. "బహుమతి వద్దు. గెలిచినాయన మంచోడు, ఆయన ఎడ్లూ బాగా లాగినయ్. మైకులో చెప్పండి. నా ఎడ్లకి టైం తక్కువిచ్చారని నలుగురిలో చెప్పండి. అది చాలు."

తిరిగొచ్చి కమిటీ ప్రెసిడెంటుని కలిశాను. ఆయనది మా ఊరి పక్కనే, పత్తి వ్యాపారం. వినగానే లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతా. ఇప్పుడు మైకులో ఇది చెబితే పోయినేడు ఓడినోడూ, అంతకు ముందేడు ఓడినోడూ అందరూ వస్తారు. మాకూ తక్కువిచ్చావంటారు. విజిల్ పడితే పడినట్టే. అదేగా రూలు?"

"రూలదే. విజిల్ వేసింది నేను. చెప్పేది కూడా నేనే. కమిటీ పేరెత్తను."

"మరి ఆ తర్వాత మిమ్మల్ని ఎవరు పిలుస్తారు?"

"పిలవొద్దు" అన్నాను.

ఉగాది వెళ్ళాక ఇంకో ఊళ్ళో పోటీలు పెట్టారు. ఆ ఎడ్ల రైతు కూడా జతతో వచ్చాడు. భార్య కూడా వచ్చింది. మొదటి జత బరిలోకి దిగకముందే మైకు అడిగి తీసుకున్నాను. పిల్లలకి కవాతు చేయించిన గొంతే, అయినా ఆ రోజు రెండు మాటలకోసారి ఆగింది. పోయిన పోటీలో ఐదో జతకి ముప్పై ఎనిమిది సెకన్లు ముందే విజిల్ వేశాననీ, తప్పు పూర్తిగా నాదేననీ, ఆ ఎడ్లది గానీ వాటిని మేపినవాళ్ళది గానీ కాదనీ చెప్పాను. మేపినవాళ్ళు అన్న మాట ఆమె కోసం కలిపాను.

తర్వాత ప్రెసిడెంటు భయపడ్డట్టే అయింది. వెనక నుంచి ఒకాయన, "ఏయ్ మాస్టారూ, మరి మూడేళ్ళ కిందట నా ఎడ్ల సంగతేంటి?" అని అరిచాడు. ఇంకొకాయన ఇంకేదో అన్నాడు. అరగంట గొడవైంది. పోయినసారి మొదటి బహుమతి గెలిచినాయన అక్కడే ఉన్నాడు. లేచి, "నాకిచ్చింది నేను తిరిగిచ్చేది లేదు గానీ, ఆ రోజు ఆ జత నాదానికన్నా బాగా లాగిందని నేనే మా ఇంట్లో చెప్పా" అన్నాడు. దాంతో గొడవ కాస్త చల్లబడింది. విజిల్ నేను వేయనని పక్కకి జరగబోతే, అక్కడి కమిటీవాళ్ళు నన్ను మాన్పించలేదు గానీ పక్కన ఇంకొక మాస్టారిని కూర్చోబెట్టారు. ఇద్దరం టైం చూడాలి, ఇద్దరికీ ఒకటే వస్తేనే విజిల్. మంచి పద్ధతి. అది ముందే ఉండాల్సింది.

ఆ రోజే ఇంకోటి జరిగింది. మధ్యాహ్నం ఒక కుర్ర జత బెదిరి బరి దాటి మా వైపు దూకింది. నేను వెనక్కి గెంతి ఇనప స్తంభానికి గుద్దుకున్నాను. మోచేతికి దెబ్బ తగిలింది. వాచీ చుట్టూ ఉండే స్టీలు అంచు మీద గోరంత లోతున సొట్ట పడింది. అద్దానికి ఏం కాలేదు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, నడుస్తోంది. ఆ పూట మిగిలిన మూడు జతలకీ దానితోనే టైం చూశాను. పక్క మాస్టారి ఫోన్‌తో సెకను తేడా కూడా రాలేదు.

మా బావమరిది సొట్ట మీద వేలు పెట్టి రాస్తూ, ఏదో పసిపిల్లకి దెబ్బ తగిలినట్టు, "అయ్యో బావా, అయ్యో" అన్నాడు. వాచీ కొంటానన్న గుంటూరు ఆయనకి ఫొటో పంపితే మళ్ళీ ఫోన్ చేయలేదట. నాకు బాధ లేదని చెబితే అబద్ధం. రెండు మూడు రోజులు ఆ సొట్టే కనిపించేది. తర్వాత కీ ఇచ్చేటప్పుడు వేలికి తగిలేది, అంతే. ఇప్పుడు చీకట్లో కూడా పైభాగం ఏదో దాన్ని బట్టే తెలుస్తుంది.

మోడల్ సంగతి ఇంకా తేలలేదు. షోరూం అమ్మాయి ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్ళిపోయింది. ఆ సీట్లోకి వచ్చినాయన ఒకసారి ఆపేశారన్నాడు, ఇంకోసారి డయల్ రంగు మార్చి మళ్ళీ తెస్తారన్నాడు. సర్వీసింగుకి ఇస్తే విడిభాగాలు విదేశాల నుంచి రావాలి, ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేనన్నాడు. ఇప్పుడు రోజుకి పన్నెండు సెకన్లు ముందుకి వెళుతోంది. పొద్దున కీ ఇచ్చేటప్పుడు సరిచేసుకుంటున్నాను. పదిహేను నిమిషాల పనికి అదొక తేడా కాదు.

ఎడ్ల రైతు నెలకోసారి ఫోన్ చేస్తాడు. మాట తక్కువ మనిషే, ఫోన్లో ఇంకా తక్కువ. వానల ముందు చేసి, దాపటెద్దుని పోటీలు మాన్పించాననీ, అమ్మలేదనీ, కొట్టంలోనే ఉందనీ చెప్పాడు. మార్టూరు వైపు నుంచి ఒక కోడెని తెచ్చి, ఉన్న ఎద్దుకి జత కలిపాడట. ఇంకా కుదురు రాలేదట, ఒకటి ముందుకి లాగితే ఒకటి పక్కకి లాగుతోందట.

"ఒకసారొచ్చి చూడండి మాస్టారూ. టైం కూడా చూద్దురు" అన్నాడు. తర్వాత ఫోన్ భార్యకిచ్చాడు. ఈసారి మా ఆవిడని కూడా తీసుకురమ్మంది ఆమె. పత్తి విత్తనాలు పెట్టడం అయిపోగానే వస్తామని చెప్పాను.